నీడ పగడాలు, ముప్పై వాట్లు

తాడుకు కట్టిన నలుపు తెలుపుల పలకను చెరువులోకి దించి, అది కంటికి ఆనకుండా పోయే చోట తాడు మీద వేలు పెట్టి కొలుచుకోవడం రాజోలు, అమలాపురం వైపు రొయ్యల రైతులకు తెలిసిన పనే. సెచ్చి డిస్క్ అంటారు దాన్ని. 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య పలక మాయమైతే నీళ్ల రంగు బాగుందని లెక్క. ఆంజెలో సెచ్చి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త 1865లో పోపు గారి ఓడ ఎక్కి మధ్యధరా సముద్రంలో ఇలాంటి పలకలు దించి నీటి తేటదనం కొలిచాడు. ఆయన పేరే దానికి నిలిచింది. ఇంట్లో చిన్న ఉప్పునీటి తొట్టె పెట్టి పగడాలు పెంచుదామని సరదా పడే కోనసీమ వాసికి ఎల్‌ఈడీ లైటు లెక్క ఈ పలక దగ్గరే మొదలవుతుంది.

పలక మాయమైన లోతును మీటర్లలో రాసుకుని, 1.7ను దానితో భాగిస్తే నీళ్లలో వెలుగు ఎంత తొందరగా తరిగిపోతుందో చెప్పే గుణకం వస్తుంది. చెరువులో 35 సెంటీమీటర్ల దగ్గర మాయమైతే ఆ గుణకం 4.9 దాకా ఉంటుంది. మీటరు లోతుకు వెళ్లేసరికి పైన పడిన వెలుగులో నూటికి ఒక పాలు కూడా మిగలదన్నమాట. తేటగా ఉండే పగడపు దిబ్బల నీళ్లలో ఇదే పలక 20 మీటర్ల దాకా కనిపిస్తుంది. అక్కడ 10 మీటర్ల లోతున కూడా నూటికి 40 పాళ్లు దాటి వెలుగుంటుంది.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు మీద నిలబడి చూస్తే, కోనసీమ తీరంలో పగడపు దిబ్బ ఎందుకు లేదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక పక్క వశిష్ఠ గోదావరి, ఒక పక్క సముద్రం. ఆనకట్టలు ఇన్ని లేని రోజుల్లో గోదావరి ఏటా 17 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేదని పాత అంచనా. ఇప్పుడు అందులో చాలా భాగం ఎగువనే ఆగిపోతున్నా, శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు దిగితే సముద్రం కూడా మైళ్ల పొడవునా ఎర్రబడుతుంది. పగడం అంటుకోవడానికి గట్టి రాయి లేదు, బురదే. ఉప్పు నిలకడగా ఉండదు. అన్నిటికీ మించి వెలుగు అడుక్కి దిగదు. అందుకే దేశంలో పగడపు దిబ్బలంటే కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖతో పాటు పాక్ అఖాతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ అనే నాలుగు పేర్లే ముందు వస్తాయి.

కనుక అమలాపురంలోనో కొత్తపేటలోనో హాల్లో పెట్టే రీఫ్ తొట్టె మన సముద్రానికి నమూనా కాదు. మన సముద్రం ఇవ్వని రెంటిని, తేట నీటిని, వెలుగును, మనం డబ్బిచ్చి కొంటున్నాం. కొనేదాన్ని కొలిచి కొనాలి కదా.

ముందు ఒక సందేహం. పగడం జంతువు కదా, దానికి వెలుగుతో పనేమిటి? దిబ్బలు కట్టే పగడాల ఒంట్లో, కంటికి కనబడనంత చిన్న శైవలాలు కాపురముంటాయి. అవి ఎండతో వంట చేసి, వండిన దాంట్లో సింహభాగం ఇంటి యజమానికి పెడతాయి. కొన్ని పగడాలకు కావలసిన శక్తిలో నూటికి 90 పాళ్ల దాకా ఇలాగే అందుతుంది. అద్దెకున్నవాడే యజమానిని పోషించే వ్యవహారం. జాతకం చూసి ఉంగరంలో పొదిగించుకునే ఎర్ర పగడం సంగతి వేరు. అది మధ్యధరా సముద్రంలో చీకటి గుహల గోడలకు పెరిగే రకం. దాని ఒంట్లో శైవలాలు లేవు, దానికి వెలుగే అక్కర్లేదు. నవరత్నాల్లో చోటు దక్కిన పగడానికి లైటు ఖర్చు లేదు, తొట్టెలో పెంచేదానికే ఉంది.

మనం లైటును వాట్లు చూసి కొంటాం. శైవలానికి వాట్లతో పని లేదు, దానికి ఫోటాన్లు కావాలి. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉన్న ఫోటాన్లు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోళ్లు పడుతున్నాయో చెప్పే కొలతను పార్ అంటారు. మైక్రోమోల్ అంటే 6 పక్కన 17 సున్నాలు పెట్టినన్ని ఫోటాన్లు. మే నెల మిట్టమధ్యాహ్నం వరి కోసేసిన చేలో పార్ 2000 దరిదాపుల్లో ఉంటుంది. రాత్రి హాల్లో ట్యూబ్‌లైటు కింద 5 ఉంటే గొప్ప. మన కంటికి ఈ రెంటి మధ్య తేడా నాలుగు వందల రెట్లు అనిపించదు. కంటిపాప సర్దుకుంటుంది, మనల్ని మోసం చేస్తుంది.

పగడాల్లో కూడా వరి ఉంది, కోకో ఉంది. కొమ్మలు కొమ్మలుగా పెరిగే అక్రోపోరా లాంటి గట్టి పగడాలు వరిలాంటివి, నడినెత్తిన ఎండ కోరతాయి. తొట్టెలో వాటికి 200 నుంచి 350 పార్ ఇస్తారు పెంచేవాళ్లు. పుట్టగొడుగుల్లా పరుచుకునే మష్రూమ్ పగడాలు, చిన్న చిన్న పువ్వుల్లా గుంపుకట్టే జోయాంథిడ్లు, తోలు పగడాలు మన కొబ్బరి తోటలో మట్టల నీడన పెరిగే కోకో మొక్కల వంటివి. మష్రూమ్‌లకు 30 నుంచి 80, జోయాంథిడ్లకు 60 నుంచి 120, తోలు పగడాలకు 80 నుంచి 150. ఇవి పెంచేవాళ్ల అనుభవంలో తేలిన అంకెలే తప్ప శిలాశాసనాలు కావు. నీడ మొక్కను ఎండలో పెడితే ఆకు మాడుతుంది, ఎండ మొక్కను నీడలో పెడితే సాగిపోతుంది. తొట్టెలో జరిగేదీ అదే.

ఈ రెండు వర్గాల్లో ఏది పెంచాలన్నది మన ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాలనూ, ఆర్గాన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్ రకాలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. రామేశ్వరం వెళ్లినప్పుడు సంచిలో వేసుకొచ్చిన పగడపు రాయి ముక్క కూడా దీని కిందికే వస్తుంది, చచ్చిన రాయి కదా అంటే చెల్లదు. తొట్టెలో పేర్చుకోవడానికి సిరామిక్ రాళ్లు దొరుకుతాయి, అవి చాలు. జోయాంథిడ్లు, మష్రూమ్‌లు ఆ 2001 జాబితాలో లేవు. అయినా ఎక్కడి నుంచి వచ్చాయో రాసిన బిల్లు లేనిదే కొనకండి. చేపల విషయంలో దిగులు తక్కువ. క్లౌన్ చేపను సముద్రం నుంచి పట్టకుండా హేచరీలో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది.

నా ఉద్దేశంలో చట్టం ఇక్కడ కొనేవాడి జేబుకు మేలే చేసింది. చట్టబద్ధంగా పెంచగలిగేవి దాదాపు నీడ పగడాలే అయినప్పుడు, ఎండ పగడాల కోసం తయారైన పెద్ద లైటుకు డబ్బు తగలేయడం దేనికి?

ఇక అసలు లెక్క. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె అనుకుందాం. 60, 30, 30 సెంటీమీటర్లు. నిండా పోస్తే 54 లీటర్లు, రాళ్లు ఇసుక పోను 45 లీటర్ల నీళ్లు. అడుగు వైశాల్యం 0.18 చదరపు మీటర్లు. దాని మీద సగటున 120 పార్ పడాలంటే సెకనుకు 0.18 × 120, అంటే 21.6 మైక్రోమోళ్లు కావాలి. లైటు నుంచి బయల్దేరిన వెలుగులో సగం గోడల మీదికీ గదిలోకీ చెదిరిపోతుందని ఉదారంగా వదిలేద్దాం. అప్పుడు లైటు 43 మైక్రోమోళ్లు ఇవ్వాలి. ఒక మాదిరి మంచి ఎల్‌ఈడీ లైటు ఒక్కో వాటుకు సెకనుకు 1.5 మైక్రోమోళ్లు ఇస్తుంది. 43ను 1.5తో భాగిస్తే 29. గుండ్రంగా 30 వాట్లు. నాసిరకమైతే వాటుకు ఒకటే అనుకోండి, 43 వాట్లు. అంతకు మించి అక్కర్లేదు.

ఇదే తొట్టె మీదికి 165 వాట్ల నల్ల పెట్టె లైటు కొనేవాళ్లున్నారు. అందులో 3 వాట్ల బల్బులు 55 ఉంటాయి, మూడు యాభైఐదులు నూట అరవై అయిదు అని అట్ట మీద రాస్తారు. బల్బుల్ని అంత గట్టిగా నడపరు కాబట్టి ప్లగ్గు దగ్గర కొలిస్తే 110 వాట్ల ప్రాంతంలో తేలుతుంది. ఆ 110నే మన లెక్కలో వేసి చూడండి. 110 × 1.5 అంటే 165 మైక్రోమోళ్లు, సగం పోతే 82, దాన్ని 0.18తో భాగిస్తే 450 దాటుతుంది. నీడన పెరిగే మష్రూమ్ నెత్తిన 450 పార్! వారం తిరిగేసరికి ముడుచుకుపోయి తెల్లబడుతుంది, మనమేమో నీళ్లలో ఏదో తేడా వచ్చిందని టెస్ట్ కిట్లు కొంటాం. పెద్ద లైటు ఇప్పటికే కొనేసి ఉంటే పారేయకండి, డిమ్మర్ తిప్పి మూడో వంతుకు దించండి, లేదా ఎత్తున వేలాడదీయండి. కానీ కొత్తగా కొనేవాళ్లు అట్ట మీది అంకెను నమ్మకుండా, ప్లగ్గుకూ గోడకూ మధ్య పెట్టే చిన్న వాట్‌మీటర్‌తో చూసుకుంటే మంచిది.

పార్ మీటరు కొనుక్కోవచ్చు కదా అంటారు. దాని ఖరీదులో మొత్తం తొట్టె అమరిపోతుంది. ఫోనులో ఉచితంగా దొరికే లక్స్ యాప్ ఉంది కదా అని నేనూ అనుకున్నాను, తొట్టె మీద పెట్టి చూసుకుని అంకె చిన్నదిగా వస్తే లైటు పెంచుకుంటూ పోయాను. పొరపాటు ఎక్కడుందో తర్వాత తెలిసింది. లక్స్ మనిషి కంటి కొలత. మన కన్ను ఆకుపచ్చను బాగా చూస్తుంది, 450 నానోమీటర్ల నీలాన్ని అందులో నూటికి 4 పాళ్లే గుర్తిస్తుంది. ఎండలో ఒక పార్‌కు 54 లక్స్ వస్తే, అచ్చమైన నీలం ఎల్‌ఈడీ కింద ఒక పార్‌కు 7 లక్స్ మాత్రమే వస్తుంది. దాదాపు ఎనిమిది రెట్ల తేడా. నీలం వెలుగు మసకగా ఉందని మనమనుకునే వేళకు పగడానికి ఒళ్లు కాలుతూ ఉంటుంది. తెల్ల ఛానల్ ఒక్కటే వెలిగించి కొలిస్తే లక్స్ అంకెను 70తో భాగించి సుమారు పార్ తెచ్చుకోవచ్చు. అంతవరకే ఆ యాప్ పనికొస్తుంది.

ఇంతకీ ఆ నీలం ఎందుకు? నీళ్లు ఎరుపును ముందు మింగేస్తాయి. 10 మీటర్ల లోతుకు ఎరుపు దాదాపు ఉండదు, నీలం ఇంకా ఎంతో దూరం వెళ్తుంది. తరతరాలుగా ఆ నీలంలో బతికిన శైవలాలు 430 నుంచి 480 నానోమీటర్ల వెలుగును బాగా పట్టే రంగులను తయారుచేసుకున్నాయి. రాయల్ బ్లూ అని అమ్మే ఎల్‌ఈడీ 450 దగ్గర, మామూలు బ్లూ 470 దగ్గర వెలుగుతాయి. రెండూ సరిగ్గా ఆ శైవలాలకు కావలసిన చోటే. మనకు ఈ వీలు కలిగి ఎంతో కాలం కాలేదు. ఎర్ర ఎల్‌ఈడీలు 1960ల నుంచీ ఉన్నా, బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ 1993లో గానీ బజారుకు రాలేదు. దాన్ని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మన వంటింట్లో వెలిగే తెల్ల ఎల్‌ఈడీ బల్బు కూడా లోపల నీలం చిప్పే, పైన పసుపు ఫాస్ఫర్ పూత. అందుకే చవక తెల్ల లైటు కింద కూడా మష్రూమ్‌లు బతుకుతాయి. చూడ్డానికి పాలిపోయి ఉంటాయి, అంతే. నీలం పెంచగానే పచ్చగా నారింజగా మిలమిలలాడేది వాటి ఒంట్లోని ప్రోటీన్లు నీలాన్ని తాగి వేరే రంగులో కక్కడం వల్ల. ఆ మెరుపు మన కంటికి విందు, పగడం ఆరోగ్యానికి అదే గుర్తు కానక్కర్లేదు. 20,000 కెల్విన్ అని గొప్పగా రాసిన అట్టల్ని నేను పట్టించుకోను. నీలం ఇంత ఎక్కువైన లైటుకు కెల్విన్ అంకె పెద్దగా అర్థమిచ్చేది కాదు. తెలుపునూ నీలాన్నీ విడివిడిగా తిప్పుకునే రెండు ఛానల్స్ ఉంటే చాలు. నీలం పూర్తిగా, తెలుపు నాలుగో వంతు పెట్టుకుని మొదలుపెట్టొచ్చు.

లెన్సు సంగతి రెండు ముక్కల్లో. 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 120 డిగ్రీల లెన్సు నీటి మీద 69 సెంటీమీటర్ల గుండ్రం వేస్తుంది, తొట్టె వెడల్పేమో 30. పక్కకు పోయేదే ఎక్కువ. 90 డిగ్రీలదైతే 40 సెంటీమీటర్లు, 60 డిగ్రీలదైతే 23 మాత్రమే. అడుగు లోతు తొట్టెకు 90 డిగ్రీల లెన్సులు రెండు మూడు చోట్ల ఉన్న పొడుగాటి లైటు మేలు. ఒకే చోట పొడిచే స్పాట్ లైటు వద్దు.

కోనసీమలో లైటు కంటే పెద్ద సమస్య మే నెల. పగడాలకు 25 నుంచి 27 డిగ్రీల నీళ్లు హాయి. మన ఇళ్లలో ఏసీ లేని గదిలో వేసవి తొట్టె 31 దాటడం మామూలే. వెనకటి మెటల్ హాలైడ్ దీపాల కాలంలో 150 వాట్ల దీపం ఎనిమిది గంటలు వెలిగితే 4,320 కిలోజౌళ్లు. అదంతా 45 లీటర్ల నీళ్లలోనే చేరి ఎటూ పోలేదనుకుంటే నీళ్లు 23 డిగ్రీలు పెరగాలి. మన 30 వాట్లకు అదే లెక్కన 864 కిలోజౌళ్లు, 4.7 డిగ్రీలు. నిజానికి అంత కూడా చేరదు, ఎల్‌ఈడీ వేడిలో పెద్ద వాటా వెనక ఉన్న అల్యూమినియం రెక్కల నుంచి గాలిలోకి పోతుంది. చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పితే ఒక్క లీటరు ఆవిరై 2,430 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. అంటే లైటు వేడిని తీసేయడానికి రోజుకు 350 మిల్లీలీటర్ల ఆవిరి చాలు. చిక్కేమిటంటే మన గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, ఉక్కపోసే రోజున ఒంటి చెమటే ఆరదు, తొట్టె నీరెక్కడ ఆవిరవుతుంది? ఆవిరైనా ఉప్పు లోపలే ఉండిపోతుంది. లీటరు పోతే 35 పీపీటీ ఉన్న సెలినిటీ 35.8 అవుతుంది. అందుకే రోజూ ఆర్‌ఓ నీళ్లతో గీత దాకా నింపాలి. చెరువు దగ్గర సెలినిటీ చూసే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా పనికొస్తుంది, కొత్తది కొననక్కర్లేదు.

వేడీ వెలుగూ కలిసినప్పుడే పగడం తెల్లబడుతుంది. లక్షద్వీప్‌లో 1998లో, 2010లో, 2016లో దిబ్బలు పాలిపోయింది సముద్రం మామూలు కంటే వేడెక్కినందువల్ల. ఆ వేడిలో నడినెత్తి ఎండ శైవలాల పని మరీ చెడగొడుతుంది. అందుకని రోహిణి కార్తెలో తొట్టె 30 దాటితే, చిల్లర్ కొనే స్తోమత లేకపోతే, లైటును మూడో వంతు తగ్గించడం నేను చెప్పగలిగే అతి చవకైన మందు.

కరెంటు బిల్లుకు భయపడక్కర్లేదు. 30 వాట్లు రోజుకు ఎనిమిది గంటలంటే 240 వాట్-గంటలు, నెలకు 7.2 యూనిట్లు. యూనిట్‌కు 6 రూపాయలు వేసుకున్నా 43 రూపాయలు. కరెంటు పోవడం గురించి మాత్రం ముందే ఆలోచించుకోవాలి. ఒక రోజు వెలుగు లేకపోయినా పగడానికి ఏమీ కాదు, ముసురు పట్టిన రోజనుకుంటుంది. నీళ్లు కదలకపోతే గంటల్లో చేపలకు ఊపిరాడదు. ఇన్వర్టర్‌కు లైటు కలపకండి, 15 వాట్ల పంపూ గాలి మోటారూ కలపండి. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సగం వాడుకున్నా 900 వాట్-గంటలు, 60 గంటలు రావాలి. ఇన్వర్టర్ సొంతంగా తినేది తీసేస్తే అందులో సగం. 1996 నవంబరు తుపాను తర్వాత ఊళ్లకు కరెంటు రావడానికి ఎన్నాళ్లు పట్టిందో గుర్తున్నవాళ్లకు ఆ 30 గంటలు చాలా కొంచెమనిపిస్తుంది. సెల్లులతో నడిచే గాలి పంపు ఒకటి అలమరలో ఉంచుకోవాలి.

వెలిగించే గంటల్లోనూ అతి వద్దు. అమలాపురం అక్షాంశంలో పగలు పుష్యంలో పదకొండుంపావు గంటలు, జ్యేష్ఠంలో పదమూడు. తొట్టెకు పూర్తి వెలుగు ఎనిమిది గంటలు చాలు, అటూ ఇటూ గంట చొప్పున నీలం మాత్రం. 120 పార్‌తో ఎనిమిది గంటలంటే రోజుకు చదరపు మీటరు మీద మూడున్నర మోళ్ల ఫోటాన్లు, బయట చేలో పడేదాంట్లో పదో వంతు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు చుట్టుపక్కల ఊళ్లకు రాత్రి అన్నదే లేకుండా పోయింది. పగడానికి అలాంటి రాత్రులు పెట్టకండి, చీకటి పడ్డాకే చాలా రకాలు కొమ్ములు చాచి మేత పట్టుకుంటాయి. 200 రూపాయల టైమరు మనకంటే క్రమశిక్షణ గలది.

కొత్తగా తెచ్చిన పగడాన్ని మొదటి రోజే 120 పార్‌లో కూర్చోబెట్టవద్దు. లైటు నూటికి 40 దగ్గర పెట్టి, వారానికి 5 చొప్పున పెంచండి. పూర్తి స్థాయికి మూడు నెలలు పడుతుంది. ఈలోగా మీటరు పని పగడమే చేస్తుంది. జోయాంథిడ్ల కాడలు పైకి సాగుతుంటే వెలుగు చాలడం లేదు. మష్రూమ్ అంచులు లోపలికి ముడిచి, గిన్నెలా అయి, రంగు తేలిపోతుంటే ఎక్కువైంది, పెంచడం ఆపి పది తగ్గించండి. పళ్లెంలా విచ్చుకుని రాతిని కప్పేస్తే అక్కడే ఆగండి, అట్ట మీద ఇంకెంత పెంచొచ్చని రాసి ఉన్నా.

ప్లగ్గు పెట్టేటప్పుడు ఒకటి చూడండి. లైటు తీగ సాకెట్ కంటే జానెడు కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి. ఉప్పు పేరుకున్న తీగ వెంట జారే చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, సాకెట్‌లోకి వెళ్లదు. ఆ సాకెట్‌కు కరెంటు లీకైతే తెగ్గొట్టే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించాకే తొట్టెలో చెయ్యి పెట్టండి.